కౌబాయ్ అనే మాట ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళ ఇంటికి ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తే, గుళ్ళూ మాల్సూ అయిపోయాక ఒక ఆదివారం ఫోర్ట్ వర్త్‌లోని పాత పశువుల సంత స్టాక్‌యార్డ్స్‌కి తీసుకెళ్ళడం మామూలే. అక్కడ రోజుకి రెండుసార్లు, పొద్దున 11:30కీ సాయంత్రం 4కీ, బారెడు కొమ్ముల లాంగ్‌హార్న్ పశువుల్ని గుర్రాల మీద వాళ్ళు వీధి వెంట తోలుకెళ్తారు. మా నాన్న కూడా ఎండలో నిలబడి చూశాడు. పశువులు మలుపు తిరిగాక నా వైపు తిరిగి, "కౌబాయ్ కౌబాయ్ అంటే ఏందో అనుకున్నా. పసులు కాసేవాళ్ళే కదరా వీళ్ళు!" అన్నాడు. సినిమాలు చూసీ చూసీ మనందరికీ టోపీ, తుపాకీ గుర్తుంటాయి గానీ మాటలోనే ఉన్న ఆవు గుర్తు రాదు. ఆ రోజు కారులో మొదలైన ప్రశ్నలు కొన్ని, తర్వాత స్నేహితులు అడిగినవి కొన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కౌబాయ్ అంటే అసలు అర్థం ఏమిటి?

ఆవులు కాసే కుర్రాడు, అంతే. కౌ, బాయ్ అనే రెండు మామూలు మాటల్ని పక్కపక్కన పెట్టి చేసిన సమాసం. మనం ఇంటికి పేపరు వేసే పిల్లాణ్ణి పేపరబ్బాయి అంటాం చూడండి, కౌబాయ్ అచ్చం అలాంటి మాటే. పేపరబ్బాయి అన్నప్పుడు పేపరు చదివే అబ్బాయో, పేపరుతో చేసిన అబ్బాయో అనే అనుమానం ఎవరికీ రాదు కదా. రెండు మాటల మధ్య సంబంధం చెప్పకుండానే తెలుస్తుంది. ఆవులబ్బాయి అంటే ఆవుల వెనక తిరిగే అబ్బాయి.

ఈ మాట అమెరికాలో పుట్టిందా?

లేదు. చాలామంది పొరపడేది ఇక్కడే. అచ్చులో ఇది మొదట కనిపించేది 1725లో, జోనథన్ స్విఫ్ట్ రాతల్లో. గలివర్ కథ రాసినాయనే. ఉండేది డబ్లిన్‌లో. అప్పటికి అమెరికా అనే దేశం లేదు, టెక్సస్ స్పెయిన్ చేతిలో ఉంది. బ్రిటన్, ఐర్లండ్ పల్లెల్లో ఇంటి ఆవుల్నో ఊరి ఆవుల్నో మేపుకొచ్చే పిల్లల్ని 19వ శతాబ్దం మధ్య దాకా అలాగే పిలిచారు. గుర్రం లేదు, టోపీ లేదు. చేతిలో కర్ర, కాళ్ళకి బురద.

బాగా వయసొచ్చిన మగాళ్ళని 'బాయ్' అనడం ఏమిటి?

ఇంగ్లీషులో బాయ్ మొదట్నుంచీ 'మగపిల్లాడు' కాదు. 1300 ప్రాంతంలో ఆ మాటకి సేవకుడు, పనివాడు, కింది తరగతి మనిషి అని అర్థం. మగపిల్లాడు అనే అర్థం తర్వాత స్థిరపడింది. పాత అర్థం మాత్రం పూర్తిగా చావలేదు. మన ఆఫీసుల్లో యాభై ఏళ్ళ మనిషిని ఇప్పటికీ ఆఫీస్ బాయ్ అంటున్నాం, తెల్లజుట్టు మనిషి పేపరు వేసినా పేపర్ బాయే. ఆ బాయ్‌లో ఉన్నది వయసు కాదు, చేసే పని.

కాబట్టి కౌబాయ్‌లో రెండూ కలిసే ఉన్నాయి. ఆవులు కాయడం ఎక్కువగా పిల్లల పని, పైగా జీతానికి కుదిరినవాళ్ళ పని. ఆవుల యజమానిని ఎవరూ కౌబాయ్ అనలేదు.

దానికి ముందు ఇంగ్లీషులో పశువుల కాపరిని ఏమనేవారు?

కౌహెర్డ్. ఇది చాలా పాత మాట. పాత ఇంగ్లీషులో 'హిర్డె' అంటే కాపరి. షీప్‌కి చేరిస్తే షెపర్డ్, మేకలకైతే గోట్‌హెర్డ్, పందులకైతే స్వైన్‌హెర్డ్. ఇప్పుడు హెర్డ్ అంటే మంద అని మనకి తెలుసు. మందని చెప్పే మాట, కాపరిని చెప్పే మాట అప్పట్లో వేర్వేరు, దగ్గరి చుట్టాలు. కాలక్రమంలో పలకడంలో ఒకటైపోయాయి.

ఈ కాపరులు ఇంటిపేర్లలో దాక్కుని ఉన్నారు. షెపర్డ్ అందరికీ తెలిసిందే. కాల్వర్ట్ అంటే దూడల కాపరి. అన్నిటికంటే తమాషా ఇంటిపేరు కవర్డ్. ఇంగ్లీషు నాటక రచయిత నోయెల్ కవర్డ్ ఇంటిపేరు విని 'పిరికివాడు' అనుకుంటే పొరపాటే, అది కౌహెర్డ్ అరిగిపోయిన రూపం. పిరికివాడు అనే కవర్డ్ వేరే దారిలో, తోక అనే లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. తోక ముడిచాడు అని మనం అంటాం కదా, అలాంటి ఊహే.

మరి అమెరికా వెళ్ళాక ఈ మాటకి ఏమైంది?

తిట్టు అయింది. అదీ ఒకసారి కాదు, మూడుసార్లు.

మొదటిది స్వాతంత్ర్య యుద్ధంలో. న్యూయార్క్ నగరం బ్రిటిష్ సైన్యం చేతిలో ఉంది, దానికి ఉత్తరాన అమెరికన్ సైన్యం. మధ్యలో వెస్ట్‌చెస్టర్ కౌంటీ ఎవరికీ కాని నేల. బ్రిటిష్ సైన్యానికి గొడ్డుమాంసం కావాలి. రాజు పక్షాన నిలిచిన ముఠాలు రైతుల పశువుల్ని తోలుకుపోయి వాళ్ళకి అమ్మేవి. జేమ్స్ డి లాన్సీ కింద పనిచేసిన దళాన్ని జనం కౌబాయ్స్ అనేవారు. ఎదుటి పక్షం పేరు చెప్పి ఇదే దోపిడీ చేసినవాళ్ళు స్కిన్నర్స్. ఆవు మెడలో గంట తీసి పొదల్లో కూర్చుని వాయిస్తూ, తప్పిపోయిన ఆవుని వెతుక్కుంటూ వచ్చిన రైతుని పట్టుకునేవాళ్ళు కాబట్టే ఆ పేరొచ్చిందని ఒక కథ ఉంది. కథ బాగుంది గానీ, అంత కష్టపడక్కర్లేదు. ఆవుల్ని తోలుకుపోయేవాళ్ళని ఆవులబ్బాయిలు అనడంలో ఉన్న వెటకారం చాలు.

రెండోది టెక్సస్‌లో. 1836లో మెక్సికో నుంచి విడిపోయాక న్యూసెస్, రియో గ్రాండె నదుల మధ్య జాగా ఎవరిదో తేలలేదు. అక్కడ మెక్సికన్ల పశువుల్ని దోచుకొచ్చే కుర్రాళ్ళకి మళ్ళీ ఇదే పేరు.

మూడోది అరిజోనాలో. 1881 ప్రాంతంలో టూంబ్‌స్టోన్ పరిసరాల్లో ఎవరినైనా కౌబాయ్ అంటే పశువుల దొంగ అన్నట్టే. మర్యాదగా బతికేవాళ్ళు తమని ర్యాంచర్ (పశువుల క్షేత్రం ఉన్నవాడు) అని పిలిపించుకునేవారు. ఆ ఏడాది డిసెంబరులో అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ కాంగ్రెస్‌కి పంపిన సందేశంలో కౌబాయ్స్ అనే సాయుధ ముఠా గురించి, 50 నుంచి 100 మంది ఉంటారని, వాళ్ళ ఆగడాల్ని స్థానిక అధికారులు అణచలేకపోతున్నారని రాశాడు. 1881 అక్టోబరు 26న ఓకే కొరాల్ దగ్గర అర మినిట్‌లో ముగిసిన ప్రసిద్ధ కాల్పుల్లో, చట్టం తరఫున దిగిన ఎర్ప్ అన్నదమ్ములకి ఎదురుగా నిలబడ్డది ఈ ముఠావాళ్ళే. అంటే ఆ కథలో కౌబాయ్స్ విలన్లు! సినిమాల్లో హీరో వేసుకొచ్చే పేరు అక్కడ అవతలి పక్షానిది.

మన దగ్గరా కాపరి పని తిట్టుకి దూరంగా ఏం లేదు. "చదువుకోకపోతే గేదెలు కాసుకుంటావ్" అనే మాట పడకుండా పదో తరగతి దాటినవాళ్ళు ఎంతమంది? గేదెలు కాయడం ఎంత కష్టమో ఒక్కరోజు కాస్తే తెలుస్తుంది, అది వేరే సంగతి.

గుర్రం, తాడు, తోలు తొడుగులు... ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి?

మెక్సికో నుంచి. పేరేమో ఇంగ్లండ్ వైపు నుంచి వచ్చింది, పని మొత్తం స్పానిష్ వాళ్ళ దగ్గర నేర్చుకున్నది. ఈ రెండూ టెక్సస్‌లో కలిశాయి.

కొలంబస్ 1493లో రెండోసారి వచ్చినప్పుడు పశువుల్ని ఓడల్లో తెచ్చాడు. 1521 ప్రాంతానికి అవి మెక్సికో చేరాయి. కంచెల్లేని బీడు మీద వేల తలలు పెరిగాయి. అంత మందని కాలినడకన కాయడం కుదరదు, గుర్రం ఎక్కాల్సిందే. మొదట్లో అక్కడి ఆదివాసులు గుర్రం ఎక్కకూడదని స్పానిష్ పాలకులు ఆంక్షలు పెట్టినా, పనికి మనుషులు కావాలి కాబట్టి మిషన్లలోని పాదిరీలే వాళ్ళకి స్వారీ నేర్పారు. అలా తయారైనవాళ్ళు వకేరోలు. వాకా అంటే ఆవు. వకేరో అంటే, యాసలో చెప్పాలంటే, ఆవులోడు.

1820ల నుంచి టెక్సస్ వచ్చిన అమెరికన్లకి ఈ పద్ధతి కొత్త. పనితో పాటు మాటల్నీ ఎత్తుకున్నారు. రాంచో నుంచి ర్యాంచ్, లాసో నుంచి ల్యాసో (ఉచ్చుతాడు), ఎస్తాంపీద నుంచి స్టాంపీడ్ (మంద బెదిరి పరుగెత్తడం). చుట్టుముట్టడం అనే అర్థమున్న రొదెయార్ నుంచి రోడియో (ఇప్పుడు కౌబాయ్ విన్యాసాల పోటీ). యజమాని లేకుండా తిరిగే జంతువుని మెస్తెన్యో అనేవారు, అది మస్టాంగ్ (అడవి గుర్రం) అయింది. తాడుకి స్పానిష్‌లో రెయాతా అని పేరు, ముందు 'లా' చేర్చి లా రెయాతా అనేవారు. విన్నవాళ్ళు రెండిటినీ కలిపేసి ల్యారియట్ చేశారు. జైలుని వెటకారంగా హూస్‌గౌ అంటారు, అది కోర్టుని చెప్పే హుస్గాదో. మనం ఇంగ్లీషు మాటల్ని ఖూనీ చేస్తామని సిగ్గుపడేవాళ్ళు ఈ జాబితాని ఒకసారి చూసుకోవచ్చు.

ఇందులో నాకు బాగా నచ్చింది డ్యాలీ. తాడు విసిరి పశువు కొమ్ములకి ఉచ్చు పడగానే, అవతలి కొసని జీను ముందున్న కొమ్ముకి చకచకా చుట్టాలి. "ఓ చుట్టు తిప్పు" అనేదాన్ని స్పానిష్‌లో దాలె వ్వెల్తా అంటారు. ఇంగ్లీషువాడి చెవికి అందులో మొదటి ముక్కే అందింది, డ్యాలీ అయింది. ఆ క్షణంలో తాడుకీ జీను కొమ్ముకీ మధ్య బొటనవేలు పడిందంటే అవతల పశువు లాగే లాగుడుకి తెగిపోతుంది. పాత రోజుల్లోనే కాదు, ఇప్పటికీ బొటనవేలు పోగొట్టుకున్న రోపర్లు, అంటే తాడు విసిరేవాళ్ళు, ఉన్నారు.

ఇక చాప్స్. ప్యాంటు మీద వేసుకునే తోలు తొడుగులు. స్టైల్ కోసం కాదు, ముళ్ళపొదల కోసం. ఆ పొదల పేరు చపారల్, తొడుగుల పేరు చపరేరాస్. మన కంపచెట్లలో మేక తప్పిపోతే వెతకడానికి దూరినవాళ్ళకి వాటి విలువ చెప్పక్కర్లేదు.

అయితే కౌబాయ్ అనేది వకేరోకి ఇంగ్లీషు అనువాదమేనా?

కాదు. తేదీలు ఒప్పుకోవు. టెక్సస్‌లో ఇంగ్లీషువాళ్ళూ వకేరోలూ ఎదురుపడటానికి దాదాపు వందేళ్ళ ముందే కౌబాయ్ అనే మాట ఉంది. వకేరో నేరుగా ఇంగ్లీషులోకి వచ్చిన రూపం ఇంకొకటి ఉంది: బకరూ. స్పానిష్‌లో వ పలికితే బ లాగే వినిపిస్తుంది కాబట్టి వకేరో బకేరో అయి, బకరూ అయింది. మనకిది కొత్తా? వంగదేశం బెంగాల్ కాలేదూ. ఇప్పటికీ నెవాడా, ఒరెగాన్ వైపు పశువుల పనివాళ్ళు తమని బకరూ అనే చెప్పుకుంటారు.

నల్లజాతి పనివాళ్ళని చిన్నబుచ్చడానికే 'బాయ్' అన్నారని చదివాను. నిజమా?

మాట పుట్టుక వరకూ అయితే కాదు. 1725 నాటి ఐర్లండ్ ఆవులబ్బాయికీ టెక్సస్ బానిసత్వానికీ సంబంధం లేదు. తెల్లవాళ్ళని కౌహ్యాండ్ అని, నల్లవాళ్ళని కౌబాయ్ అని వేరుగా పిలిచేవారనే కథ ఫోన్లలో బాగా తిరుగుతుంది గానీ, ఆనాటి రాతల్లో తెల్లవాళ్ళనీ కౌబాయ్ అన్నారు.

అయితే ఆ కథ ఎందుకు అతుక్కుందో అర్థం చేసుకోవచ్చు. దక్షిణ రాష్ట్రాల్లో ఎదిగిన నల్లజాతి మగవాణ్ణి బాయ్ అని పిలవడం పచ్చి అవమానం, అది నిజం. పశువుల్ని దూరపు సంతలకి తోలుకెళ్ళే బాటల మీద నల్లజాతి వాళ్ళు చాలా ఎక్కువమంది ఉన్నారు, నాలుగో వంతు దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. అదీ నిజం. 1854లో టెనెసీలో బానిసగా పుట్టిన నాట్ లవ్ ఆ బాటల మీదే బతికి, 1907లో తన కథ తనే రాసుకున్నాడు. గుర్రం మీంచి దూకి కోడె కొమ్ములు పట్టి పడగొట్టే రోడియో పోటీకి పేరు తెచ్చిన బిల్ పికెట్ కూడా నల్లజాతి వాడే. సినిమాలు వీళ్ళని మింగేశాయి. మాట చరిత్రని వంచక్కర్లేకుండానే, ఎందుకు మింగేశాయని గట్టిగా అడగొచ్చు.

తిట్టుగా ఉన్న మాటకి గౌరవం ఎప్పుడొచ్చింది?

డబ్బు చేసిన పనే. 1865లో అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సస్‌లో లాంగ్‌హార్న్‌లు లక్షల్లో ఉన్నాయి, కొనేవాడు లేడు. ఇక్కడ 4 డాలర్లు పలికే పశువు ఉత్తరాదిలో 40 డాలర్ల దాకా పలికేది. 1867లో జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి కాన్సస్‌లోని యాబిలీన్‌లో రైలు పక్కన పశువుల దొడ్లు కట్టించాడు. అక్కడి దాకా చిషోల్మ్ బాట వెంట తోలుకెళ్ళాలి. రెండు మూడు వేల తలల మందకి పది పన్నెండు మంది మనుషులు. రోజుకి 16 నుంచి 24 కిలోమీటర్లు, రెండు మూడు నెలలు, నెలకి 30, 40 డాలర్ల జీతం. కొత్తవాణ్ణి మంద వెనక పెడతారు. సాయంత్రానికి వాడి కనురెప్పల మీద కూడా దుమ్మే. మెడకి కట్టుకునే రుమాలు ముక్కు మీదికి లాక్కునేది అందుకే, బ్యాంకులు దోచడానికి కాదు. రాత్రి కాపలాలో మంద చుట్టూ తిరుగుతూ మెల్లగా పాటలు పాడేవారు, పశువులు బెదరకుండా.

ఇదంతా ఇరవై ఏళ్ళ ముచ్చటే. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళకంచెకి పేటెంట్ తీసుకున్నాడు, బీళ్ళకి కంచెలు పడ్డాయి. రైళ్ళు టెక్సస్ దాకా వచ్చేశాయి. 1886-87 చలికాలం ఉత్తరాన మందలకి మందల్నే చంపేసింది. అసలు పని సన్నగిల్లుతున్నప్పుడే వేషం మొదలైంది. 1883లో బఫెలో బిల్ కోడీ కౌబాయ్ వేషాలతో తన ప్రదర్శన మొదలుపెట్టాడు, 1887లో విక్టోరియా రాణి జూబిలీకి లండన్ తీసుకెళ్ళాడు. ఒకప్పుడు ఆవుల వెనక కర్ర పట్టుకుని తిరిగిన కుర్రాడి పేరు పెట్టుకుని, తళతళలాడే బూట్లతో వచ్చినవాళ్ళని చూడటానికి అదే ఇంగ్లండు టికెట్టు కొనుక్కుంది.

కౌపంచర్, కౌపోక్ అంటే వేరేనా?

అదే పని. పశువుల్ని రైలు పెట్టెల్లోకి ఎక్కించేటప్పుడు పొడుగాటి కర్రలతో పొడిచేవాళ్ళకి ముందు ఆ పేర్లు వచ్చాయి, తర్వాత అందరికీ అంటుకున్నాయి. కౌగర్ల్ కూడా 1880ల్లోనే వచ్చింది.

బ్రిటన్‌లో ఇప్పుడు కౌబాయ్ బిల్డర్ అంటే పని పాడుచేసి డబ్బు పట్టుకుపోయే మేస్త్రి. తిట్టు అక్కడ మళ్ళీ ఇంటికి చేరింది.

వేరే దేశాల్లో వీళ్ళని ఏమంటారు?

అర్జెంటీనాలో గౌచో. హవాయిలో పనియోలో. 1830ల్లో కాలిఫోర్నియా నుంచి వకేరోల్ని అక్కడి రాజు పిలిపించుకున్నాడు, 'ఎస్పన్యోల్' అనే మాట అక్కడివాళ్ళ నోట్లో పనియోలో అయింది. ఫ్రాన్స్‌లోని కమార్గ్ ప్రాంతంలో గార్దియన్, అంటే కాపలా కాసేవాడు, మన కాపరి లాగే. హంగెరీలో గూయాష్ అంటే పశువుల కాపరి. కాపర్లు బయట కుండలో వండుకునే మాంసం కూరకి అదే పేరు పడి, గూలాష్‌గా ప్రపంచమంతా తిరిగింది.

మన గోపాలుడికీ కౌబాయ్‌కీ చుట్టరికం ఉందా?

సగం ఉంది. సంస్కృతం 'గో', ఇంగ్లీషు 'కౌ', గ్రీకు 'బౌస్', ఐరిష్ 'బో' అన్నీ ఒకే పాత మాటకి పిల్లలు. తెలుగు 'ఆవు' మాత్రం ఆ కుటుంబంలోది కాదు.

ఐరిష్‌లో ఇంకో విచిత్రం. బువఖిల్ అనే మాటకి మొదటి అర్థం ఆవుల కాపరి, ఇప్పుడు మామూలుగా 'అబ్బాయి'. ఇంగ్లీషులో అబ్బాయి కాపరి అయ్యాడు, ఐరిష్‌లో కాపరి అబ్బాయి అయ్యాడు.

సంస్కృతంలో గోప అంటే ఆవుల్ని కాచేవాడు. ఆ మాటలోంచే 'గుప్' అనే ధాతువు పుట్టిందని భాషావేత్తలు చెప్తారు. కాపాడటం, దాచడం దాని అర్థం. గుప్తంగా ఉంచు అన్నప్పుడల్లా మనం ఆవుల కాపరిని తలుచుకుంటున్నట్టే. గోష్ఠం అంటే ఆవుల కొట్టం, దాని నుంచి సాహిత్య గోష్ఠి. గవేషణ అంటే మొదట ఆవుల్ని వెతకడం. పీహెచ్‌డీ చేసేవాళ్ళకి ఈ ముక్క చెప్తే కాసేపు ఏడుపు ఆపుతారు.

కౌబాయ్‌ని తెలుగులో ఏమనాలి?

కౌబాయ్ అనే. పశువుల కాపరి అంటే అర్థం సరిపోతుంది గానీ వేషం సరిపోదు. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు'తో ఆ వేషం తెలుగు తెర మీదికి వచ్చింది, అప్పట్నుంచి మాట మనదే. మన కాపరి మాత్రం తక్కువేం కాదు. కాయు అంటే మేపడమూ అదే, కాపాడటమూ అదే. చర్చి పాస్టర్‌ని సంఘ కాపరి అంటున్నాం కదా, పాస్టర్ అన్నా లాటిన్‌లో గొర్రెల కాపరే.

టెక్సస్ పశువుల్లో మన ఒంగోలు రక్తం ఉందంటారు, నిజమేనా?

నిజమే. అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతిని మన దేశం నుంచి వెళ్ళిన గిర్, గుజరాత్, నెలోర్ లాంటి పశువులతో తయారుచేశారు. నెలోర్ అంటే మన ఒంగోలే, నెల్లూరు పేరు మీద విదేశాల్లో అలా స్థిరపడింది. గల్ఫ్ తీరం ఎండకీ పిడుదులకీ యూరప్ పశువులు తట్టుకోలేకపోతే ఇవి తట్టుకున్నాయి. 1924లో హ్యూస్టన్‌లో ఈ జాతి పెంపకందారుల సంఘం ఏర్పడింది. రోడియోలో కౌబాయ్‌ని ఎనిమిది సెకన్లలోపే కింద పడేసే ఎద్దుల్లో చాలావాటికి ఈ రక్తమే.

ఈ సంగతి కారులో చెప్తే మా నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఫ్రిస్కో ఎగ్జిట్ దగ్గర, "మూపురం ఉండాదా వాటికి?" అని అడిగాడు. ఉంటుందన్నాను. "అయితే వచ్చే ఆదివారం అవి చూపించు" అన్నాడు.